కాలమే ఒప్పిస్తుందంటే నేను ఒప్పుకోను

పోయిన ఆగస్టులో మన బడిలో వక్తృత్వ పోటీ జరిగింది కదా, "కొత్త దారులు" అనేది అంశం. మొదటి బహుమతి వచ్చిన అన్న చివర్లో ఒక మాట అన్నాడు: "మంచి పద్ధతిని చూసి మొదట లోకం నవ్వుతుంది, తరువాత కాలమే దాన్ని ఒప్పిస్తుంది." అందరూ చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినాను. ఇంటికి పోయి మా చెల్లిని చూసినాక మాత్రం ఆ చప్పట్లు వెనక్కి తీసుకోవాలనిపించింది. ఆ అన్న మీద నాకు కోపమేమీ లేదు, బాగా మాట్లాడినాడు. కానీ ఆ మాట తప్పు. ఎందుకు తప్పో టెన్నిస్ ఆటను పెట్టుకొని చెప్తాను.

టెన్నిసే ఎందుకంటే, మా చిన్నాయన ఊళ్ళో ఒక క్లబ్బులో కోర్టు పని చూస్తాడు. నీళ్ళు చల్లడం, రోలరు లాగడం, గీతలకు సున్నం వెయ్యడం ఆయన పని. ఆదివారం పొద్దున పెద్దవాళ్ళు రాకముందు మమ్మల్ని ఒక అరగంట ఆడుకోనిచ్చేవాడు. అప్పుడు చెల్లికి తొమ్మిదేండ్లు. దాని చేతిలో ఉండేది ఎవరో వద్దని వదిలేసిన పెద్ద రాకెట్టు. ఒక చేత్తో ఎత్తలేక రెండు చేతుల్తో పట్టుకునేది. కుడి పక్క వచ్చిన బంతినీ, ఎడమ పక్క వచ్చిన బంతినీ అట్లనే కొట్టేది. నేను పది బంతులు వేస్తే ఏడు నెట్టు దాటించేది. నేను ఒంటిచేత్తో నాలుగు దాటిస్తే అదే గొప్ప.

అది చూసి క్లబ్బువాళ్ళే సగం ఫీజుకు పిల్లల బ్యాచిలో చేర్చుకున్నారు. మాకు పండగే. మొదటి రోజే అక్కడి కోచ్ సార్ దాని రెండో చేతిని రాకెట్టు మీది నుంచి తీసేసి, "బ్యాక్‌హ్యాండ్‌కయితే రెండు చేతులు సరే. ఫోర్‌హ్యాండ్‌కు ఎవరన్నా రెండు చేతులు పెడతారా? ఇదేమన్నా క్రికెట్టా?" అన్నారు. పిల్లలంతా నవ్వినారు. ఎందుకు పెట్టకూడదు సార్ అని చిన్నాయన అడిగితే, "పద్ధతి అది" అన్నారు, అంతే. మూడు వారాలు చెల్లి కొట్టిన బంతి నెట్టులోకే పోయింది. నాలుగో వారం పొద్దున్నే కడుపు నొప్పి అన్నది. ఆ తరువాత పోలేదు. మేమూ పొమ్మని చెప్పలేదు. అది మా తప్పు.

ఇప్పుడు ఆ సార్ "సరే" అన్న బ్యాక్‌హ్యాండ్ కథ చూడండి. ఒకప్పుడు దాన్ని కూడా పద్ధతి కాదనే అన్నారు. ఆస్ట్రేలియా ఛాంపియన్‌షిప్ 1937 ఫైనల్లో వివియన్ మెక్‌గ్రాత్, జాన్ బ్రామ్‌విచ్‌ను ఓడించినాడు. ఆ ఇద్దరూ ఒక పక్క రెండు చేతులతో కొట్టేవాళ్ళే. బ్రామ్‌విచ్ తరువాత 1939లో, మళ్ళీ 1946లో అదే ఛాంపియన్‌షిప్ గెలిచినాడు. గెలుపే సాక్ష్యమైతే అప్పుడే కోచ్‌లందరూ మారిపోవాలి కదా? మారలేదు. "వాళ్ళకు చెల్లింది, నీకు చెల్లదు" అని పిల్లలకు ఒంటిచేతి బ్యాక్‌హ్యాండే నేర్పినారు.

అట్లా నలభై ఏండ్ల దగ్గర గడిచిపోయినాయి. 1974లో ఏమైందంటే, క్రిస్ ఎవర్ట్ ఫ్రెంచ్, వింబుల్డన్ గెలిచింది. జిమ్మీ కానర్స్ ఆస్ట్రేలియన్, వింబుల్డన్, యు.ఎస్. మూడూ గెలిచినాడు. పద్దెనిమిదేండ్ల బ్యోర్న్ బోర్గ్ ఫ్రెంచ్ గెలిచినాడు. ముగ్గురిదీ రెండు చేతుల బ్యాక్‌హ్యాండే. ఒక్కడైతే "వాడి సంగతి వేరు" అనవచ్చు. ముగ్గురు ఒకే ఏడాది వచ్చేసరికి ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. ఇది కాలం చేసిన పని కాదు. కాలం 1937 నుంచి ఊరికే కూర్చునే ఉంది.

ఎవర్ట్ నాన్న జిమ్మీ ఎవర్ట్ స్వయంగా కోచ్. ఆయనకు కూడా రెండు చేతుల మీద నమ్మకం లేదు. కూతురు చిన్నది, ఒంటిచేత్తో కొట్టే బలం లేదు, పెద్దయినాక మార్చుకుంటుందిలే అనుకున్నాడు. కానీ ఆయన చేసిన మంచి పని ఒకటుంది: చెయ్యి తీసెయ్యలేదు. తను నమ్మని పద్ధతిని కూడా బిడ్డకు పనిచేస్తున్నంతసేపు ఉండనిచ్చినాడు. మా చెల్లికి కావలసింది కూడా అంతే. మెచ్చుకోవాల్సిన పని లేదు, ఉండనిస్తే చాలు.

ఇక ఫోర్‌హ్యాండ్ సంగతి. "ఎవరన్నా పెడతారా?" అని సార్ అడిగినారు కదా, జవాబు నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడు చెప్తాను. ఈక్వెడార్ దేశపు పాంచో సెగురా పెట్టినాడు. చిన్నప్పుడు రికెట్స్ జబ్బుతో కాళ్ళు వంకరపోయిన మనిషి ఆయన. రెండు చేతుల ఫోర్‌హ్యాండ్‌తోనే ప్రొఫెషనల్ ఆటలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు, తరువాత కానర్స్‌కు కోచ్ కూడా అయినాడు. యుగోస్లావియాలోని నోవి సాద్ ఊరి మోనికా సెలెస్ పెట్టింది. ఆమె నాన్న కార్టూన్లు గీసే మనిషి. కార్లు నిలిపే చోట నెట్టు కట్టి, పాప సంతోషంగా కొట్టాలని బంతుల మీద బొమ్మలు గీసి నేర్పినాడు. ఆమె 1990లో పదహారేండ్లకే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. ఇరవై నిండకముందే ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. ఫ్రాన్సులో మారియన్ బార్తోలి నాన్న ఒక డాక్టరు, టెన్నిస్ కోచ్ కాదు. 1992 ఫ్రెంచ్ ఫైనల్లో సెలెస్‌ను చూసి తన కూతురికీ రెండు పక్కలా రెండు చేతులు నేర్పినాడు. ఆమె 2013లో ఒక్క సెట్టు కూడా ఓడకుండా వింబుల్డన్ గెలిచింది.

ఇంత జరిగినా మా ఊరి క్లబ్బులో తొమ్మిదేండ్ల పిల్ల చెయ్యి తీసేసినారు. మరి కాలం ఎవరిని ఒప్పించినట్టు? నాకు అర్థమైంది ఇది: నిన్న నవ్వులపాలైన పద్ధతి ఈ రోజు రూలు అవుతుంది. అదే రూలును పట్టుకొని ఈ రోజు కొత్తగా వచ్చినదాన్ని చూసి నవ్వుతారు. "బ్యాక్‌హ్యాండ్‌కయితే సరే" అన్న ఆ మాటలోనే ఉంది అంతా. ఒప్పుకున్నది పద్ధతిని మాత్రమే, పాఠాన్ని కాదు.

నా స్నేహితుడు ఒకడు ఇది చదివి, "రిచర్డ్ విలియమ్స్‌ను చూడరా, ఆయన్ని లోకం ఒప్పుకుంది కదా" అన్నాడు. చూద్దాం. ఆయన పుస్తకాలు, వీడియోలు చూసి టెన్నిస్ నేర్చుకొని, కాంప్టన్ ఊళ్ళోని పబ్లిక్ కోర్టుల్లో వీనస్‌కూ సెరీనాకూ నేర్పినాడు. పేరున్న ఆటగాళ్ళంతా చిన్నప్పటి నుంచి జూనియర్ పోటీల్లో తిరిగేవాళ్ళు. ఆయన కూతుళ్ళను ఆ పోటీల నుంచి బయటికి తెచ్చి, చదువుకోండి, ప్రాక్టీస్ చెయ్యండి అన్నాడు. పిచ్చివాడు, పిల్లల్ని చెడగొడుతున్నాడు అన్నవాళ్ళున్నారు. సెరీనా 1999లో యు.ఎస్. ఓపెన్, వీనస్ 2000లో వింబుల్డన్ గెలిచినారు. అక్కకు ఏడు, చెల్లెలికి ఇరవై మూడు సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లు వచ్చినాయి. 2021లో ఆయన మీద సినిమా వచ్చింది, ఆ వేషం వేసిన విల్ స్మిత్‌కు ఆస్కార్ కూడా వచ్చింది.

సరే, ఒప్పుకున్నారు. కానీ సెరీనా ఓడిపోయి ఉంటే? పద్ధతి అదే, నాన్న అదే, కష్టం అదే. అప్పుడు ఆయన్ని ఈ రోజుకీ పిచ్చివాడనే అనేవాళ్ళు. ఇంకో పక్క కూడా చూడాలి. ఆయన మాదిరి కూతురి బతుకంతా ముందే రాసిపెట్టి, కోర్టు పక్కన నిలబడి అరిచే నాన్నలు ఎందరో ఉండొచ్చు. వాళ్ళ పిల్లలు గెలవలేదు గనక వాళ్ళ మీద సినిమా రాదు. ఆ పిల్లలు ఏమయినారో మనకు తెలియదు. కాబట్టి గెలుపును చూసి ఒప్పుకోవడం కూడా, నవ్వడం మాదిరే, ఆలోచించకుండా చేసే పనే. రెండూ పిల్లను చూడవు. ఒకటి అలవాటును చూస్తుంది, ఇంకొకటి కప్పును చూస్తుంది.

అయితే ఏది వచ్చినా ఒప్పుకోవాల్సిందేనా? కాదు. 1977లో స్పగెట్టి రాకెట్టు అని ఒకటి వచ్చింది. తీగలను ఒకదానితో ఒకటి అల్లకుండా వరుసలుగా కట్టి, బంతి విపరీతంగా తిరిగేటట్టు చేసినారు. నస్టాసే దాంతో ఆడి, అప్పటికి ఓటమి లేకుండా నడుస్తున్న విలాస్ గెలుపుల వరుసను తెంచినాడు. అదే ఏడాది అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య దాన్ని నిషేధించింది. రాకెట్టు తీగలు ఎట్లా ఉండాలో రూలు రాసింది. అది సామాను సంగతి, నేర్పే పద్ధతి కాదు. అయినా ఎందుకు చెప్తున్నానంటే, వద్దనడం తప్పు కాదు. ఆటనే మార్చేస్తుందని కారణం చెప్పి వద్దన్నారు. "పద్ధతి అది" అని ఊరుకోలేదు.

ఒప్పుకోవడం కూడా అట్లనే కారణంతో జరగొచ్చు. చిన్నపిల్లలకు ఇప్పుడు ఎర్ర బంతి, నారింజ బంతి, ఆకుపచ్చ బంతి ఇస్తారు. ఎర్రది అన్నింటికంటే మెత్తన, మెల్లగా వస్తుంది. దానికి కోర్టు పొడవు 11 మీటర్లు చాలు, పెద్దవాళ్ళ కోర్టు 23.77 మీటర్లు. పెద్ద కోర్టులో మామూలు పసుపు బంతి పిల్లల తల మీదికి ఎగురుతుంది, ఆరేండ్ల పాప దాన్ని ఏం కొడుతుంది? ఇది ఆలోచించి సమాఖ్య 2012 నుంచి పదేండ్ల లోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని రూలే పెట్టింది. దీనికి ఏ ఛాంపియనూ కప్పు ఎత్తి చూపించాల్సిన పని పడలేదు. పిల్లల ఎత్తు, బలం చూసినారు. ఆటను పిల్లల దగ్గరికి తెచ్చినారు. నేను అడిగేది ఇట్లాంటి ఒప్పుకోవడం.

ఆ కోచ్ సార్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. రెండు చేతులతో పట్టుకుంటే చెయ్యి అందే దూరం తగ్గుతుంది. దూరంగా వచ్చిన బంతికి ఒక అడుగు ఎక్కువ పరిగెత్తాలి. సెలెస్‌కూ బార్తోలికీ కూడా ఈ కష్టం ఉండేది. ఇది నిజమైన కారణం. ఇది చెప్పి, "నువ్వు ఎక్కువ పరిగెత్తాల్సి వస్తుందమ్మా, పరిగెత్తుతావా?" అని అడిగి ఉంటే, పరిగెత్తుతాను సార్ అనేది మా చెల్లి. నాకు దాని సంగతి తెలుసు. అడగలేదు.

ఇదంతా టెన్నిస్ గొడవే అనుకోవద్దు మిత్రులారా. బస్సులో మన బడి సంచి చూసి, "ఈ రాష్ట్రంలో ఉండి తెలుగు మీడియంలో చదివి ఏం చేస్తారప్పా?" అని అడగనివాళ్ళు ఎవరన్నా ఉన్నారా? మన బడిలో చదివి ఒకరు పైకొస్తే "వాడి తెలివి" అంటారు. ఒకరు ఫెయిలైతే "మీడియం తప్పు" అంటారు. మెక్‌గ్రాత్ సంగతి కూడా ఇంతే కదా. అమ్మమాటలో లెక్కలు నేర్చుకుంటే పిల్లకు తొందరగా అర్థమవుతుందా లేదా అని మాత్రం ఎవరూ వచ్చి తరగతిలో కూర్చొని చూడరు. కాలం ఒప్పిస్తుందిలే అని మనమూ చేతులు కట్టుకొని కూర్చుంటే, ఆలోపల తరగతి గదులే ఖాళీ అయిపోతాయి.

అందుకే నేర్పేవాళ్ళందరినీ, కోర్టులో అయినా బడిలో అయినా, మూడే అడుగుతున్నాను. ఒకటి, పిల్ల ఏదైనా వేరే రకంగా చేస్తుంటే మార్చేముందు కొన్నాళ్ళు చూడండి. రెండు, మార్చాలంటే కారణం చెప్పండి, పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. మూడు, పక్క పిల్లలను నవ్వనివ్వకండి. ఈ మూడింటికీ ఖర్చు లేదు. నలభై ఏండ్లూ పట్టవు, నలభై రోజులు చాలు.

చెల్లికి ఇప్పుడు పన్నెండేండ్లు. మన బడిలో ఏడో తరగతి. భోజనాల షెడ్డు వెనక గోడ మీద మూడడుగుల ఎత్తున సుద్దతో గీత గీసి, దాన్నే నెట్టు అనుకొని సాయంత్రాలు బంతి కొడుతోంది. రెండు చేతుల్తోనే, రెండు పక్కలా. మన పి.టి. సార్ మొదటి రోజు కాసేపు నిలబడి చూసి, "నాకూ ఇది కొత్తమ్మా. ఒక నెల చూస్తాను, తరువాత మాట్లాడుకుందాం" అన్నారు. పోయిన శుక్రవారం గోడకు వరసగా నలభై ఒకటి కొట్టింది.

అది ఛాంపియన్ అవుతుందని నేను రాయడం లేదు. కాకపోవచ్చు. కాకపోయినా దాని చెయ్యి తీసేసినది తప్పే. మధ్యలో పోయిన ఆ మూడేండ్లను ఏ కాలమూ తిరిగి తెచ్చివ్వదు.