గాలి వేగం వేరు, తుఫాను నడక వేరు

దసరా దగ్గరకొస్తోంది. మన గోపాలపూర్ ఒడ్డున పండగతో పాటు తుఫాను భయం కూడా వచ్చే నెల ఇది. అందుకని ఈసారి ఒక చిన్న లెక్క చెప్పుకుందాం. తీసివేత, భాగహారం వస్తే చాలు.

గంజాం నుంచి సూరత్ మగ్గాల మీదకి వెళ్లిన పిల్లలు టీవీ చూసి ఇంటికి ఫోన్ చేస్తారు. "గాలి గంటకి 200 కిలోమీటర్లట, తుఫాను 300 కిలోమీటర్ల దూరంలో ఉందట. గంటన్నరలో మీద పడిపోతాది, అమ్మని ఎలా తీసుకెళ్తారు?" అని కంగారు. ఇక్కడ ఒడ్డున ఉన్నవాళ్లేమో, "నిన్నట్నుంచీ వస్తాది వస్తాది అంటన్నారు, ఇంక రాదులే" అని పడుకుంటారు. రెండూ పొరపాటే. తుఫానుకి రెండు వేగాలుంటాయి.

మన మగ్గం చూడండి. షటిలు నిమిషానికి 160 సార్లు అటూ ఇటూ పరిగెడుతుంది. ఒక్కో పరుగు మీటరున్నర అనుకుంటే, నిమిషంలో అది తిరిగిన దారి 240 మీటర్లు. మరి బట్ట ఎంత కదిలింది? అంగుళానికి 40 పేక పోగులైతే, నిమిషానికి నాలుగంటే నాలుగు అంగుళాలు! తుఫానూ అంతే. గాలి దాని కేంద్రం చుట్టూ గిర్రున తిరుగుతుంది. ఆ మొత్తం సుడి మాత్రం సముద్రం మీద నెమ్మదిగా నడుస్తుంది. టీవీలో 200 అని చెప్పేది తిరిగే గాలి వేగం. ఎప్పుడొస్తుందో తెలియాలంటే కావలసింది నడక వేగం.

ఆ నడక వేగం మనమే కట్టొచ్చు. ఉదయం 6 గంటలకి గోపాలపూర్‌కి 300 కిలోమీటర్లు అన్నారనుకోండి. మధ్యాహ్నం 12 గంటలకి 210 అన్నారు. 6 గంటల్లో 90 కిలోమీటర్లు తగ్గింది. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం: 90ని 6తో భాగిస్తే గంటకి 15. మిగిలిన దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం: 210ని 15తో భాగిస్తే 14 గంటలు. అంటే రాత్రి 2 గంటలకి.

అయితే 2 గంటల దాకా కూర్చోవచ్చా? కూర్చోకూడదు. 2 గంటలకి వచ్చేది కేంద్రం. దాని చుట్టూ 90 కిలోమీటర్ల దాకా ఈదురుగాలి ఉంటే, అది 6 గంటల ముందే, రాత్రి 8కే మనల్ని తాకుతుంది. పైగా తుఫాను నడక మారుతుంది. గంటకి 21 అయిందంటే, అదే 210 కిలోమీటర్లు పది గంటల్లోనే వచ్చేస్తుంది. అప్పుడు గాలి ఇంకా ముందే మొదలవుతుంది. కాబట్టి పిల్లల్ని, ముసలివాళ్లని పొద్దుండగానే దాటించాలి. రేషన్ కార్డు, మందులు ముందే మూట కట్టుకోవాలి.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి 200 కిలోమీటర్ల పైమాటే. ఇళ్లు, చెట్లు, పంటలు పోయాయి. కానీ ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే షెల్టర్లకి, పక్కా భవనాలకి తరలించారు. పోయిన ప్రాణాలు పదుల్లోనే ఆగాయి. 1999లో పారాదీప్ వైపు వచ్చిన పెనుతుఫానులో పోయినవాళ్లు దాదాపు పదివేల మంది. గాలిని ఎవరూ ఆపలేదు. నడకని చూసి, ఉన్న కాలాన్ని వాడుకున్నారు, అంతే.

ఈ నెల ఇంట్లో పిల్లల చేత ఈ లెక్క ఒకసారి చేయించండి. తుఫాను కబురు వచ్చినప్పుడల్లా టైము, దూరం క్యాలెండర్ మీద రాయమనండి. అధికారులు కదలమంటే మాత్రం, మీ లెక్కలో ఇంకా టైము ఉన్నా సరే, కదలండి. మిగిలిన గంటలు షెల్టర్‌లో కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు.