హయా వేరు, మౌనం వేరు

కృష్ణా డెల్టాలోని మన ఇళ్ళలో ఒక వ్యాధికి పేరు లేదు. విజయవాడ వించిపేటలోనైనా, బందరులోనైనా స్త్రీల మధ్య దాని ప్రస్తావన వస్తే గొంతు తగ్గించి "ఆ జబ్బు" అంటారు. రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు అన్న మాటలు పలకడమే మర్యాదకు భంగమన్న భావన మనలో పాతుకుపోయింది.

మాకు రొమ్ము క్యాన్సరు వచ్చిందని తెలిసినప్పుడు బంధువుల నుంచి అందిన మొదటి సలహా చికిత్స గురించి కాదు. "బయట చెప్పకండి, కడుపులో పుండు అనండి. ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంది" అన్నారు. ఆ సలహాను మేము పాటించలేదు. పరామర్శకు వచ్చిన ప్రతివారికీ వ్యాధి పేరే చెప్పాము. దాని మూల్యమూ చెల్లించాము. అమ్మాయికి వచ్చిన ఒక సంబంధం వెనక్కి పోయింది. కానీ కీమోథెరపీతో మా జుట్టు రాలిపోయిన రోజుల్లోనే ఇరుగుపొరుగు స్త్రీలు ఇద్దరు వేర్వేరుగా మా వద్దకు వచ్చారు. రొమ్ములో గడ్డ ఉందనీ, నెలల తరబడి దాచుకున్నామనీ చెప్పారు. "ఆస్పత్రికి వెళ్ళాలంటే మా ఆయన ఒప్పుకోవాలి కదా, ఆపా!" అన్నది ఒకామె.

హయా విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధనను విన్న అన్సార్ స్త్రీలనే హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు. ధర్మజ్ఞానం ఆర్జించడానికి సిగ్గు వారికి అడ్డురాలేదన్నారు. బహిష్టు అనంతర శుద్ధి గురించి సైతం వారు దైవప్రవక్తనే అడిగి తెలుసుకున్నారు. సహనానికి ప్రతీకగా నిలిచిన హజ్రత్ అయ్యూబ్ (అలై) కూడా తన బాధను ప్రభువు ముందు నోరు విప్పి మొరపెట్టుకున్నారు. సహనమంటే మౌనం కాదు.

ఇక భర్తల సంగతి. హిజ్రీ 2వ సంవత్సరంలో ముస్లిములు బద్ర్‌కు బయలుదేరే వేళ హజ్రత్ ఉస్మాన్ (రజి) సతీమణి, దైవప్రవక్త కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్ర అస్వస్థతతో ఉన్నారు. యుద్ధానికి రావద్దని, భార్య చెంతనే ఉండి సేవ చేయమని దైవప్రవక్త (స) ఉస్మాన్‌ను ఆదేశించారు. బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానమైన పుణ్యఫలం, విజయధనంలో వాటా ఆయనకు ఉంటాయని చెప్పారు. ఇటువంటి ఆదర్శం ఎదుట ఉండగా, భార్యను ఆస్పత్రికి తీసుకువెళ్ళేందుకు ఒక పూట దుకాణం మూయలేనివారు ఎవరి సంప్రదాయాన్ని అనుసరిస్తున్నట్లు? మగ వైద్యుడు చూస్తాడన్నది కూడా సాకే. వైద్యురాలు అందుబాటులో లేనప్పుడు అవసరమైన మేరకు పురుష వైద్యుని పరీక్ష సమ్మతమేనని ఉలమాలు స్పష్టం చేశారు.

మన డెల్టాలోని నిమ్మకూరులో జన్మించిన నందమూరి తారక రామారావు సతీమణి బసవతారకం 1985లో క్యాన్సరుతో మరణించారు. ఆమె స్మృతిలో ఆయన తలపెట్టిన ఆస్పత్రి, ఆయన కన్నుమూసిన తరువాత, 2000లో హైదరాబాదులో ప్రారంభమైంది. ఒక గృహిణి పేరు, ఆమె ప్రాణం తీసిన వ్యాధి పేరు అక్కడ ఒకే బోర్డు మీద ఉన్నాయి. అందువల్ల ఆ ఇంటి పరువు తగ్గలేదు.

సోదరీమణులారా! రొమ్ములో గడ్డ తొలిదశలో తరచు నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని ఆగవద్దు. చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి ముడుచుకున్నా, నెలసరి ఆగిపోయాక తిరిగి రక్తస్రావం కనిపించినా వెంటనే పరీక్ష చేయించుకోండి. ఈ వ్యాధి అంటుకునేది కాదు. రొమ్ము క్యాన్సరు వంశపారంపర్యంగా వచ్చేది నూటికి 5 నుంచి 10 మందిలోనే. తల్లికి వచ్చిందని కూతురి సంబంధం కాదనడం అన్యాయం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో పేదలకు క్యాన్సరు చికిత్స ఉంది.

సోదరులారా! ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఈ పేజీని పైకి చదివి వినిపించండి. మీ ఇంటి స్త్రీలు చెప్పలేక దాచుకున్న బాధ ఏదైనా ఉంటే అడిగి తెలుసుకోండి. రోగులందరికీ అల్లాహ్ స్వస్థతను, వారి వెంట నడిచే మనసును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.