కండె చుట్టిన చేతికి కూలీ ఏది?

"స్త్రీవాదం చదువుకున్న ఆడవాళ్ళ వ్యవహారం, మగ్గం మీద బతికేవాళ్ళకు దానితో ఏం పని?" అని మన సభ్యుల్లోనే కొందరు అడుగుతున్నారు. అడిగిన సోదరులు ఒక్కసారి తమ ఇంట్లోకే చూడాలి.

షోలాపూర్‌లో మన తెలుగువారి ఇల్లు ఎలా నడుస్తుందో చెప్పనక్కరలేదు. మగవాడు మరమగ్గం మీద చద్దరో టవలో నేస్తాడు. భార్య బీడీలు చుడుతుంది. ఇంట్లోనే ఒకటి రెండు మగ్గాలున్న చోట కండెలూ ఆమే చుడుతుంది.

ముందు బీడీ సంగతి చూడండి. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళు మా కార్మికులే కారని యజమానులు సుప్రీంకోర్టు దాకా వాదించారు. 1985లో ఆ వాదన వీగిపోయింది. ఇంట్లో చుట్టినా కార్మికురాలే, ప్రావిడెంట్ ఫండ్ ఇవ్వవలసిందే అని కోర్టు తేల్చింది. మరి అదే గుమ్మంలో, అదే చేతులతో కండె చుట్టినప్పుడు ఆమె ఎవరు? ఏ మస్టరులోనూ పేరు లేదు. పీసు రేటు మగవాడి పేర పడుతుంది. నూలిచ్చే సేటుకు తెలుసు, ఒకరి కూలీకి ఇద్దరి పని వస్తోందని. అందుకే రేటు పెంచమంటే నిదానంగా నవ్వుతాడు. ఆడదాని ఉచిత శ్రమ మగవాడి కూలీని కూడా కిందికి లాగుతుంది. యూనియన్ జెండా పట్టిన మనకు ఈ లెక్క ఇంకొకరు చెప్పాలా?

మిల్లుల్లో జరిగిందీ ఇదే. బొంబాయి మిల్లుల్లో వైండింగ్, రీలింగ్ ఖాతాలు ఒకప్పుడు ఆడవాళ్ళవి. 1929లో అక్కడ ప్రసూతి చట్టం వచ్చింది. మంచి చట్టమే. కాని ఆ ఖర్చు తప్పించుకోవడానికి, రాత్రి షిఫ్టు నిషేధం కూడా సాకుగా చూపి, యాజమాన్యాలు వాళ్ళను మెల్లమెల్లగా తగ్గించాయి. యూనియన్లు గట్టిగా అడ్డుపడలేదు. మగవాళ్ళ నౌకరీలు నిలిస్తే చాలనుకున్నాం. తీరా 1982 సమ్మెలో ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది ఆడవాళ్ళ చిల్లర పనులతోనే.

తమిళనాడు నూలు మిల్లుల్లో మరో పద్ధతి నడిచింది. సుమంగళి అని ముద్దుపేరు. పెళ్ళికాని పిల్లలను మూడేళ్ళు హాస్టళ్ళలో ఉంచి పని చేయించి, కట్నానికి పనికొచ్చే మొత్తం చివర్లో ఇస్తామన్నారు. మధ్యలో జబ్బుపడి ఇల్లు చేరిన పిల్లలెందరికో అదీ దక్కలేదు.

సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. ఇప్పుడా నియమం 2019 నాటి వేతనాల కోడ్‌లో ఉంది. అయితే ఆమె పనికి వేరే పేరు పెట్టినా, అసలు పేరే పెట్టకపోయినా చట్టం ఎవరిని పట్టుకుంటుంది?

ఇక మన సంగతి. మన కార్యవర్గంలో ఒక్క స్త్రీ లేదు. సభలు రాత్రి ఎనిమిదింటికి పెడతాం, అప్పుడు పొయ్యి దగ్గర ఎవరుంటారో ఆలోచించం. ఈ రాస్తున్నవారిదీ అదే తప్పు. వచ్చే సర్వసభ్య సమావేశం ఆదివారం పగటిపూట పెడుతున్నాం. కండె కూలీని పీసు రేటు నుంచి విడదీసి, చుట్టినవారి పేరనే రాయాలన్న డిమాండు మీద చర్చ. సోదరీమణులు పిల్లలను వెంట తెచ్చుకోవచ్చు. ఆ రోజు చాయ్ పెట్టి, గ్లాసులు కడిగే పని కార్యవర్గ సభ్యులది.