కుండ వస్తే కుమ్మరి వచ్చినట్టేనా?

బైక్థానో విహారం నాగార్జునకొండ విహారాన్ని పోలి ఉందనగానే, ప్యూలకు నాగరికత నేర్పింది మనమేనని మనవాళ్ళు మీసాలు మెలేస్తారు. ఒక్క లక్షణం చూసి రోగం తేల్చే వైద్యుణ్ణి ఎవరైనా నమ్ముతారా?

క్రీ.పూ. 4వ శతాబ్దంలో, నేటి స్పెయిన్‌లోని గలేరాలో ఐబీరియన్ దొరలు, గ్రీకులు ద్రాక్షసారాలో నీళ్ళు కలిపే పాత్రలు తెప్పించుకుని, వాటిలో తమవారి చితాభస్మం పోసి పూడ్చారు. పాత్ర గ్రీకులది, ఆచారం తమది. అంతమాత్రాన వారు గ్రీకులైపోలేదు.

1959–63 తవ్వకాల్లో బైక్థానోలో దొరికిన అస్థికల కుండలు ప్యూలవే. విహారపు నమూనా సముద్రం దాటి వచ్చిందే అనుకుందాం. ఎంచుకున్నదీ కట్టుకున్నదీ వారే కదా!

యాంగోన్‌లో మన అద్దాల బీరువాల నిండా జపాను పింగాణీయే. రేపెవరో తవ్వి తీసి మనల్ని జపానువాళ్ళంటే ఊరుకుంటామా? ఈ నేల ఉప్పు తింటూ మన పిల్లలకు గురువుల గర్వం నేర్పడం మాని, ఇరుగుపొరుగుల మర్యాద నేర్పుదాం.