కానరాని కార్మికులు

వేసవి సెలవులు వచ్చినంతనే మన కుటుంబములందు విహారయాత్రల ప్రస్తావన బయలుదేరును. మైసూరు బాటలో బిడది చెంత 2005లో వెలసిన వండర్‌లాకు బెంగుళూరివారు పోదురు. ఖోపోలి చెంత 2013లో ఏర్పడిన ఇమాజికాకు ముంబయి, పుణె పట్టణములవారు పోదురు. అమెరికాలో బిడ్డలున్న తల్లిదండ్రులు డిస్నీవారి ఉద్యానమును చూడక తిరిగిరారు. మన వంటి సంఘములును బస్సులు మాట్లాడి సభ్యులను ఇట్టి చోటులకు కొనిపోవుట వాడుకయైనది.

ఈ వినోదములను గర్హించుట మా యుద్దేశము కాదు. పిల్లలు నవ్వవలయును, పెద్దలును ఒక పూట చింతలు మరువవలయును. కాని ఆ నవ్వునకు వెల యిచ్చి వచ్చిన మనము, ఆ నవ్వును సిద్ధపరచిన చేతులను గూర్చి ఒక్క మాటయైనను తలపకుండుట న్యాయమా యని మాత్రమే మా ప్రశ్న.

ఆ చేతులు మనకు కనబడకపోవుట యాదృచ్ఛికము గాదు. అది బుద్ధిపూర్వకముగా చేసిన ఏర్పాటు. కాలిఫోర్నియాలోని అనహైము పట్టణమున వాల్ట్ డిస్నీ తన మొదటి ఉద్యానమును 1955 జూలై 17వ తేదీన తెరచెను. అందు భావికాలపు నగరమును చూపు భాగమున, పూర్వకాలపు పశువులకాపరి వేషము ధరించిన పనివాడొకడు నడచిపోవుట చూచి, కథకు భంగము కలిగెనని ఆయన నొచ్చుకొనెనని చెప్పుదురు. ఆయన 1966లో మరణించెను. 1971 అక్టోబరు 1వ తేదీన ఫ్లోరిడాలో తెరచిన మేజిక్ కింగ్‌డమ్‌నందు ఆ లోపము తీరినది. అచట కొంచెము త్రవ్వినంతనే నీరు పడును. అందుచేత సొరంగములను నేలమీదనే కట్టి, ప్రక్కన సరస్సు త్రవ్వగా వచ్చిన మట్టిని వాని చుట్టును నింపి, ఆపైన ఉద్యానమును నిర్మించిరి. సందర్శకులు నేల యనుకొని నడచునది నిజమునకు మేడమీది అంతస్తు. వారి పాదముల క్రింద వేషధారులు, వంటవారు, ఊడ్చువారు, సరకుల బండ్లు ఎడతెగక తిరుగుచుండును. చెత్త సైతము గొట్టములలో గాలి లాగుటచే గంటకు సుమారు 60 మైళ్ల వడిని కొట్టుకొనిపోవును.

ద్వారములు మూసిన పిమ్మట రాత్రి పనివారు వత్తురు. వీధులు కడుగువారు, రంగులు వేయువారు, పట్టాలను బోల్టులను పరీక్షించు మెకానిక్కులు, తోటమాలులు తమ పని ముగించుకొని, తెల్లవారునప్పటికి జాడ లేకుండ పోదురు. పగటివేళ బరువైన బొమ్మ వేషము తొడిగి పిల్లలను కౌగిలించుకొను మనిషి మన కన్నుల యెదుటనే యుండును. అయినను అతడు నోరు విప్పరాదు, ముఖము చూపరాదు. ఫోటోలో మన బిడ్డ ప్రక్కన నిలిచినవాడెవడో మనకు తెలియదు.

తెర యుండుట తప్పని మేము చెప్పము. ఆటయన్న తరువాత తెర యుండక తప్పదు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామమున పుట్టిన నాటక సమాజము ఇట్టి మాయలకే పేరుపడినది. కాని ఆ సమాజములందు ఒక రాత్రి వేషము కట్టినవాడే మరునాడు తెర త్రాడు లాగును. తెర ముందరివారును వెనుకవారును ఒక్క కుటుంబము; వచ్చిన రాబడి అందరి కడుపునకును. తెర కంటికి అడ్డము కావచ్చును గాని లెక్కకు అడ్డము కారాదు. మేము చెప్పదలచినదంతయు ఈ యొక్క మాటయే.

లెక్కకు అడ్డమైనచో ఏమగునో అనహైములోనే చూడవచ్చును. 2018లో అచటి కార్మిక సంఘములు కోరగా ఆక్సిడెంటల్ కళాశాలకు చెందినవారు పాల్గొని జరిపిన విచారణలో, వేతనముతో నెల గడువదని నూటికి 70మందికి పైగా ఉద్యోగులు చెప్పిరి. గడచిన రెండేండ్లలో తలదాచుకొన ఇల్లు లేక యుంటిమని పదింట ఒకరు చెప్పిరి. ఆ లెక్కలను కంపెనీవారు అంగీకరింపలేదు. అదే సంవత్సరము నవంబరులో ఆ పట్టణ ప్రజలు, నగరసభనుండి రాయితీలు పొందు వినోదసంస్థలు గంటకు 15 డాలర్లకు తక్కువ కాకుండ కూలి చెల్లింపవలెనని వోటు వేసిరి. ఆ శాసనము తమకు వర్తింపదని కంపెనీ వాదించినది. 2023లో వర్తించునని అప్పీలు కోర్టు తీర్పు చెప్పినది. 2024లో 50 వేలకు పైబడిన కార్మికులకు 23 కోట్ల 30 లక్షల డాలర్ల రాజీ కుదిరినది. అదే 2024లో ముఖము చూపరాని ఆ వేషధారులును వోట్లు వేసి సంఘముగా ఏర్పడిరి.

మన దేశమున కానరాని పని ఒక్కొక్కప్పుడు ఘోరముగా కంటబడును. 2019 జూలైలో అహమ్మదాబాదు కాంకరియా చెఱువు చెంతనున్న వినోదోద్యానమున ఊగు యంత్రము విరిగిపడి ఇద్దరు మరణించిరి. మెకానిక్కు చక్కగా పనిచేసిన దినమున అతని నెవ్వరును తలపరు. అతనికి వ్యవధి చాలని దినమున, విడిభాగము అందని దినమున, అతని మాట పైవారు వినని దినమున, ఊయల నెక్కిన బిడ్డ ప్రాణమే అందుకు మూల్యము. కావున కార్మికుని క్షేమము దయాధర్మపు మాట మాత్రమే కాదు. మన బిడ్డల క్షేమమును అదియే.

“టిక్కెట్టు కొన్నాము గదా, ఇక మా బాధ్యత యేమి?” యని కొంద రందురు. మేము వర్తకులము; బేరసారములు మాకు తెలిసినవే. సరకు మిక్కిలి చవుకగా వచ్చినచో ఎచటనో ఎవరి కూలియో తగ్గియుండునని త్రాసు పట్టినవానికి వేరుగ చెప్పనక్కరలేదు. నూరు టిక్కెట్లు కొను సంఘము రాయితీ కోరుచు ఉద్యానమువారికి జాబు వ్రాయును గదా! ఆ జాబులోనే మరి నాలుగు ప్రశ్నలు వ్రాయుట కష్టమా? ఊడ్చువారికిని యంత్రములు నడుపువారికిని చట్టము చెప్పిన కూలి ముట్టుచున్నదా? కంట్రాక్టరుచేతి క్రిందివారికి ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. కలవా? ఎండలో నిలుచువారికి నీడయు నీరును కలవా? యంత్రములను ప్రతిదినము పరీక్షించి సంతకము చేయువారెవరు? ఒక్క సంఘ మడిగిన నవ్వుదురేమో. పది సంఘము లడిగిన జవాబు వ్రాయుదురు.

మనకు ఈ విషయమున ఇతరులకన్న అధికమైన బాధ్యత కలదు. తెలంగాణము వీడి ముంబయి నగరమున కట్టడపు పనులు చేసిన కామాఠీల పేరు కామాఠిపురకు నిలిచినది. ఆ పనివారిలో ఒక్కని పేరైనను మనలో ఎందరికి తెలియును? బెంగుళూరి వీధులను వేకువజామున ఊడ్చు పౌరకార్మికులలో పెక్కుమంది ఇంట మాట్లాడునది తెలుగే. చెన్నపట్టణపు పారిశుద్ధ్య కార్మికులలోను తెలుగువారు తరతరములుగా నున్నారు. పరభాషా ప్రాంతమున మన సంఖ్యను ప్రభుత్వమునకు చూపవలసి వచ్చినపుడు వీరిని లెక్కింతుము. తెలుగు బడి నిలుపుటకు విద్యార్థులు కావలసినపుడు వీరి బిడ్డలను తలంతుము. ఉగాది పందిరి క్రింద ముందు వరుసలలో వీరికి చోటు కలదా? సభ ముగిసిన పిమ్మట ఊడ్చుటకు మాత్రమే వారు రావలయునా?

కావున సభ్యులకు మా మనవి యిది. రాబోవు విహారయాత్రకు పూర్వము పైన చెప్పిన జాబు వ్రాయవలెను. పిల్లలకు, పనివారి రొమ్ముమీది బిళ్లపై పేరు చదివి, “అన్నా”, “అమ్మా” యని పలుకరించుట నేర్పవలెను. సంఘపు సభ్యత్వ పుస్తకమును తెరచి, మన పేటలలోని తెలుగు పౌరకార్మికుల కుటుంబములను రుసుము నిమిత్తము లేకుండ అందు చేర్చుకొనవలెను. మొదటి రెండింటికి పైకము ఏమియు కాదు. మూడవదానికి కొంత మనసు కావలెను. అది మనవారికి కొరవడదని నమ్ముచున్నాము.