చరణం మధ్యలో కత్తెర

మొన్న మా ఎడిటింగ్ గదిలో కొత్తగా చేరిన కుర్రాడికి ఒక పాట ఇచ్చాను. కీబోర్డు మీద అతని వేళ్లు నాకన్నా వేగం. గంటలో ముగించాడు. చూస్తే పాట మూడేసి మాత్రల నడక, అతను నాలుగేసి లెక్కన కోశాడు. ‘తిశ్రమా, చతురశ్రమా?’ అని అడిగితే బిత్తరపోయి, ‘అవేంటో ఎవరూ చెప్పలేదన్నా’ అన్నాడు.

అతనికి ముందు పనిచేసిన అమ్మాయి కథ వేరు. ఆమె కోర్సులో కెమెరా, సౌండు, రచన, నటన, దర్శకత్వం అన్నీ ఒక్కో సెమిస్టరు. సత్యజిత్ రే గురించి చక్కగా మాట్లాడేది. రెండు కెమెరాల ఫుటేజీకి సౌండు సింక్ చేయమంటే మాత్రం చేతులాడలేదు. ఇద్దరూ తెలివైనవాళ్లే. లోపం సిలబస్‌లది.

ఫిల్మ్‌నగర్‌లో మాకు 24 క్రాఫ్ట్స్. ఎవరి యూనియన్ కార్డు వాళ్లదే. అయినా లైటింగ్ తెలియని కెమెరామన్‌ని ఎవరూ రెండో సినిమాకి పిలవరు. కె.విశ్వనాథ్ బీఎస్సీ చదివి మద్రాసు వాహినిలో సౌండు విభాగంలో చేరారు. 1980లో ‘శంకరాభరణం’ తీసిన దర్శకుడి చెవి ఆ గదిలో పదునెక్కిందనే నా నమ్మకం.

నేను పని నేర్చుకున్నది ఫిల్ము మీద. అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24, వెయ్యి అడుగుల రోలు 11 నిమిషాలు. క్లాప్ చూసి బొమ్మకీ ధ్వనికీ జత కలపడమే మూడేళ్లు నా పని. విసుగొచ్చేది. ఆ విసుగు దాటాకే పని చేతికొచ్చింది. అదే రోజుల్లో ఆదివారాలు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం బీఏ తరగతులకు వెళ్లేవాణ్ని. 1982లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం దేశంలో ఆ తరహాలో మొదటిది. ఇంటర్ లేనివాళ్లకూ అర్హత పరీక్ష పెట్టి తలుపు తెరిచింది. ఇప్పుడు మా స్టూడియోల పక్కనే జూబ్లీహిల్స్‌లో, తొలి వైస్ ఛాన్సలర్ జి.రాంరెడ్డి పేరున్న దారిలో ఉంది. అప్పట్లో మాకు భాషలతో పాటు సామాజిక శాస్త్రాలు, సైన్సు ఫౌండేషన్ కోర్సులుండేవి. బీఏ వాడికి సైన్సెందుకని గొణిగాను. ఆ పుస్తకం చదివాకే మా సౌండ్ ఇంజినీరుని బెరుకు లేకుండా ప్రశ్నలడగగలిగాను.

ఇప్పుడు డిగ్రీల రూపం మారుతోంది. మూడు సబ్జెక్టులకూ సమానంగా చోటిచ్చే పాత పద్ధతి బదులు ఆంధ్రప్రదేశ్ 2023-24లో సింగిల్ మేజర్ తెచ్చింది. 2022 నాటి యూజీసీ చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. వాటిలో కనీసం 60 మేజర్‌కి, 24 మైనర్‌కి. ఇతర రంగాల పరిచయానికి 9, అంటే మూడేసి క్రెడిట్ల మూడు పేపర్లు. సగం చదువు ఒక్కదాని మీదే ఉండాలన్నది సరైన మాటే. నా అభ్యంతరమల్లా మిగతా సగం గురించి. ఏ లెక్చరర్ ఖాళీగా ఉంటే ఆ సబ్జెక్టు అంటగడితే అది విస్తృతి అనిపించుకోదు, టైంటేబుల్ నింపడమే అవుతుంది. ఆ మూడు పేపర్లనూ ఒకే రంగంలో వరుసగా చదవనివ్వండి. మైనర్‌ని మేజర్ అవసరంతో ముడిపెట్టండి. భీమవరంలో జువాలజీ చదివే పిల్లకి రొయ్యల చెరువు నీటి కెమిస్ట్రీ, మేత ఖర్చుల లెక్క రెండూ కావాలి. వరంగల్‌లో చరిత్ర చదివే పిల్లవాడికి కాకతీయుల శాసనాల లిపి కావాలి. ఆ మైనర్ లేకుండా పూర్తికాని ప్రాజెక్టు చివరి ఏడాది పెట్టండి. అప్పుడు పక్క సబ్జెక్టు అవసరమేమిటో విద్యార్థికే తెలుస్తుంది.

మా కుర్రాణ్ని కృష్ణానగర్‌లో మృదంగం నేర్పే మాస్టారి దగ్గరికి పంపాను. రోజూ పొద్దున్నే గంటసేపు. నిన్న నేను వచ్చేసరికి మానిటర్ ముందు కూర్చుని, తొడ మీద తకిట తకిట వేసుకుంటూ, అదే పాట మొదటి షాట్ నుంచి మళ్లీ కోస్తున్నాడు.