కష్టానికీ కృతజ్ఞత

మేలు చేసినవారిని మరవకపోవడం ఉత్తమ సంస్కారం. ఆకలి తీర్చిన చేతిని, చదువు చెప్పిన గురువును తలచుకొని నమస్కరించడం మనకు సహజంగానే అలవడుతుంది. మరి, మనలను బాధించిన కష్టానికి కృతజ్ఞత చూపడం సాధ్యమేనా? సాధ్యమే అయినా, అది న్యాయమేనా?

‘కృతం’ అంటే చేయబడినది. ‘జ్ఞ’ అంటే ఎరిగినవాడు. చేసిన మేలును ఎరిగినవాడు అనే అర్థమే వాడుకలో స్థిరపడినా, కృతజ్ఞతకు మూలం ఎరుక. కష్టం మనకు ఏమి చేసిందో, దాని వల్ల మనం ఏమి తెలుసుకొన్నామో గుర్తించడం కూడా ఆ ఎరుకలో భాగమే.

భాగవతం ప్రథమ స్కంధంలో, యుద్ధానంతరం ద్వారకకు పయనమైన శ్రీకృష్ణుని స్తుతిస్తూ కుంతి తమకు ఆపదలు మళ్లీ మళ్లీ కలగాలని కోరుతుంది. లక్కయింటి మంటలు, కొడుకుల వనవాసం, బంధునాశం చూచిన తల్లి కోరిక అది. ఆమె ఆశించింది దుఃఖాన్ని కాదు, ఆపద వేళ లభించిన దైవ సాన్నిధ్యాన్ని. ఐశ్వర్యంతో మదించిన మనస్సు భగవంతుని స్మరించజాలదని ఆమె ఎరుగును.

అయితే కష్టాలన్నీ ఒక్క తీరువి కావు. విధివశాన వచ్చేవి కొన్ని, సాటి మనుషులు కల్పించేవి మరికొన్ని. ఈ రెండవ రకానికి కూడా తలవంచవలసిందేనా? గుర్రం జాషువ జీవితం దీనికి సమాధానం చెబుతుంది. 1895లో వినుకొండలో జన్మించిన ఆ మహాకవి పేదరికాన్ని, అస్పృశ్యత పేరిట జరిగిన అవమానాలను చవిచూశాడు. పేదరికం, కులమత భేదం తనకు ఇద్దరు గురువులని ఆయన చెప్పుకొన్నాడు. మొదటిది సహనాన్ని నేర్పగా, రెండవది ఎదిరించే శక్తిని పెంచిందే తప్ప తనను బానిసగా మార్చలేదని ఆయన భావం. గుడిలోకి గబ్బిలానికి ఉన్న ప్రవేశం మనిషికి లేని లోకాన్ని 1941లో ‘గబ్బిలం’ కావ్యంతో నిలదీశాడు. వివక్షను ఆయన గురువు అన్నాడే కాని, దానిని మన్నించి ఊరకుండలేదు.

కాబట్టి కష్టానికి కృతజ్ఞత చూపడం, చూపకపోవడం దానిని అనుభవించినవాని ఇష్టం. ఇతరులకు దానిని బోధించే అధికారం మనకు లేదు. రుసుము చెల్లించలేక చదువు మానే స్థితిలో ఉన్న సహాధ్యాయికి కావలసింది ఉపదేశం కాదు, సహాయం.

విద్యార్థులారా! పరీక్షలో తప్పిననాడు, ఇంట ఇబ్బందులు చుట్టుముట్టిననాడు కృతజ్ఞత వెంటనే కలగదు. అందుకు కాలం పడుతుంది. అంతవరకు బాధను పెద్దలతో, మిత్రులతో పంచుకోవడం బలహీనత కాదు. కొంతకాలం గడిచాక వెనుదిరిగి చూడండి. ఆనాడు ఎవరు తోడు నిలిచారు? మీలోని ఏ శక్తి వెలికివచ్చింది? ఎవరి బాధ మీకు తొలిసారి అర్థమైంది? ఆ ఎరుకకు నమస్కరించండి. అన్యాయాన్ని మాత్రం ఎదిరించండి.